బంగారు పురుగు మీద వెలుతురు

లిఫ్టులు బాగుచేసే ఆయనకు ఆదివారం మధ్యాహ్నం మూడు దాటిందంటే ఇంట్లో కాలు నిలవదు. వారమంతా ఎత్తైన భవనాల గొట్టాల్లో ఇనుప తాళ్ళకు గ్రీజు పూస్తూ, మొరాయించిన తలుపులతో కుస్తీ పడుతూ గడిపే మనిషి. ఆ ఒక్క పూటా భుజానికి సంచి తగిలించుకుని, తాముండే అపార్ట్‌మెంట్ వెనక గోడ అవతల ఎవరికీ పట్టని ఖాళీ జాగాలోకి పోతాడు. అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని ఆకులు తిరగేసి పురుగులను వెతుక్కుంటాడు, దొరికినవాటికి ఫోటోలు తీసుకుంటాడు. వయసు నలభై రెండు. ఎండు పుల్లలాంటి ఒళ్ళు, ఒంటికి సరిపడనంత పొడుగు కాళ్ళు. చిన్నప్పుడే అక్క అతనికి మిడత అని పేరు పెట్టేసింది. ఆ పేరు ఇంకెవరి నోటా రాలేదు. ఆవిడ పిలవడం మానేసి మూడేళ్ళయింది.

ఆ ఆదివారం బయలుదేరబోతుంటే భార్య గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది. ఆమె చేతిలో చక్కెర పోసుకునే తెల్ల ప్లాస్టిక్ డబ్బా మూత ఉంది. డబ్బా మాత్రం లేదు.

"దీని కింద ఉండాల్సింది ఏదండీ?"

"ఎక్కడో పెట్టుంటావు, చూడు."

"చూశాను. మీ సంచిలోంచి అంచు కనిపిస్తోంది."

అతను సంచిని కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. "ఫ్లాష్ ముందు పెట్టడానికి కాస్త పెద్దది కావలసి వచ్చింది. చిన్న డబ్బాలతో వెలుతురు పరుచుకోవడం లేదు."

"మరి చక్కెర?"

"గిన్నెలో పోసి పళ్ళెం మూతపెట్టాను."

"చీమలు పట్టాయి."

"చీమలా? ఏ రంగువి..."

"ఆ మాట పూర్తి చెయ్యకండి," అని ఆమె పక్కకు తప్పుకుంది. అతను మెట్లు దిగుతుంటే వెనకనుంచి, "ఇది ఏడో డబ్బా," అంది. కోపంగా అనలేదు. ఏడు డబ్బాలూ ఎందుకు పోయాయో ఆమెకు తెలుసు.

పురుగులను ఫోటో తీయడంలో ఉన్న తిప్పలన్నీ వెలుతురుతోనే. గోరంత ప్రాణి తలనుంచి తోక దాకా స్పష్టంగా రావాలంటే లెన్సు కంతను బాగా చిన్నది చేసుకోవాలి. కంత చిన్నదైతే లోపలికి వెలుతురు చాలదు. అందుకని ఫ్లాష్ పెట్టాలి. ఈ పనికోసమే చేసిన మంచి ఫ్లాష్ కొనాలంటే అతని రెండు నెలల జీతం అక్కడే పెట్టి రావాలి. అతని దగ్గర ఉన్నది ఒక పాత కెమెరా. దానికి మామూలు లెన్సునే తిరగేసి బిగించడానికి ఒక ఇనుప రింగు. ఆపైన పేరూ ఊరూ లేని ఒక చౌక ఫ్లాష్, బ్యాటరీల తలుపు విరిగిపోతే నల్ల టేపు చుట్టి వాడుతున్నది. పదహారో వంతు బలానికి తగ్గించి కొట్టినా దాని వెలుతురు మేకు దిగ్గొట్టినట్టు ఉంటుంది. నునుపైన వీపు ఉన్న పురుగైతే మరీ ఘోరం. వీపు మధ్యలో తెల్లటి మచ్చ, చుట్టూ కాటుకలాంటి చీకటి. ఆ మేకును మంచులా మార్చడానికి ఫ్లాష్‌కూ పురుగుకూ మధ్య ఏదో ఒక తెర కావాలి. ఆ తెర కోసమే ఈ డబ్బాలు, కాగితాలు, గుడ్డలు.

ఒకప్పుడు ఆ తెర సంగతి అతను ఆలోచించనే లేదు. అది అక్క చూసుకునేది.

అప్పట్లో అక్క వాళ్ళతోనే ఉండేది. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషన్ వేసుకుని కర్టెన్లు కుట్టేది. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా ఎందుకని అడిగితే, "కొలతలు కుదరలేదు," అని నవ్వేసేది. తమ్ముడికంటే ఆరేళ్ళు పెద్ద. అతను కెమెరా కొన్న కొత్తల్లో ఒక ఆదివారం, దారాలు చూసి చూసి కళ్ళు లాగుతున్నాయి, పచ్చటిదేదైనా చూస్తే హాయిగా ఉంటుందని అతని వెంట ఖాళీ జాగాకు వచ్చింది. అతను తీసిన ఫోటోలు కెమెరా వెనక చిన్న తెరమీద చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏంటక్కా?"

"పెళ్ళి ఫోటోల్లో పెదనాన్న బట్టతల గుర్తొచ్చిందిరా. ఆయనా ఇంతే, ఎక్కడ నిలబడినా నడినెత్తిన ఒక దీపం."

మరుసటి ఆదివారం ఆమె ఫ్లాష్ మూతికి తెల్లగుడ్డతో చిన్న టోపీ కుట్టి తొడిగింది, ఇంకో తెల్లగుడ్డ ముక్క కూడా తెచ్చుకుంది. పక్కన గొంతుక్కూర్చుని, ఆ గుడ్డను రెండు చేతులతో బిగించి పురుగు మీద పందిరిలా పట్టుకుంది. అతను బటన్ నొక్కాడు. తెరమీద చూస్తే మచ్చ లేదు. పురుగు వీపంతా పొద్దుటి కిటికీలా మెత్తగా వెలిగింది.

అప్పటినుంచి మూడేళ్ళపాటు ఒక్క ఆదివారం కూడా ఆమె మానలేదు. అతను కెమెరాలో కన్ను పెట్టి ముందుకూ వెనక్కూ ఊగుతుంటే, ఆమె మామూలు కళ్ళతోనే పురుగును చూస్తూ ఉండేది. మీసాలు కదిలే తీరు చూసి అది ఎగిరిపోతుందో ఉంటుందో చెప్పేసేది. "ఆగు. కాలు సర్దుకుంటోంది. ఊపిరి బిగబట్టు. ఊఁ, ఇప్పుడు." ఆ 'ఇప్పుడు' అనే మాటకు అతని వేలు అలవాటు పడిపోయింది. గంటలకొద్దీ చేతులు చాపి కూర్చుని, లేచేటప్పుడు మోకాలు పట్టుకుని, "మీ పురుగులకు నా జీతం చెప్పరా మిడతా," అనేది. అంతే, ఇంకేమీ అడిగేది కాదు.

అలా తీసినవాటిలో ఒకటి బంగారు పురుగు ఫోటో. ఖాళీ జాగా గోడమీద పాకిన ఊదారంగు పూల తీగ ఆకుల మీద అప్పుడప్పుడు కనిపించే పురుగు. కందిగింజంత ఉంటుంది. చుట్టూ గాజు గొడుగులాంటి అంచు, మధ్యలో అచ్చం బంగారం. బెదిరిందంటే చాలు, రంగు మాసిపోయి పాత ఇత్తడిలా అయిపోతుంది. అది బెదరకముందే తీయాలి. అక్కాతమ్ముళ్ళు నాలుగు ఆదివారాలు దానికోసమే కూర్చున్నారు. ఐదో ఆదివారం దొరికింది.

ఆ ఫోటోను అతను ఒక ప్రకృతి పత్రిక పోటీకి పంపాడు. దానితోపాటు ఒక ఫారం నింపాలి. కెమెరా ఏది, లెన్సు ఏది అని అడిగారు. వెలుతురు అనేచోట 'నేను ఇంట్లో తయారుచేసుకున్న తెర' అని రాశాడు. దానికింద 'సహాయకులు' అని ఉంది. సహాయకులంటే జీతమిచ్చి పెట్టుకున్నవాళ్ళు కాబోలనుకుని 'ఎవరూ లేరు' అని రాశాడు. లిఫ్టు కంపెనీలో నింపే ఫారాల్లో అలాగే రాస్తాడు మరి. బహుమతి వచ్చింది. పత్రికలో అరపేజీ ఫోటో, దానికింద ఆ వివరాలన్నీ వరసగా అచ్చయ్యాయి.

అక్క మిషన్ ఆపి, చేతులు తుడుచుకుని, పత్రిక అందుకుంది. పైనుంచి కింద దాకా నిదానంగా చదివింది. "బాగా వచ్చిందిరా," అని తిరిగి ఇచ్చేసి మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. రెండు వారాలు గడిచాక, వేరే ఊళ్ళో పెద్ద కర్టెన్ల కార్ఖానాలో కటింగ్ చూసుకునే పని దొరికిందనీ, ఉండటానికి గది కూడా ఇస్తారనీ చెప్పింది. అతను వద్దన్నాడు. భార్య వద్దని ఏడ్చింది. "ఎన్నాళ్ళని మీ ముందుగదిలో మిషన్ వేసుకుని దారికి అడ్డంగా ఉంటాను," అని అక్క నవ్వుతూనే సామాను సర్దుకుంది. ఆమె వెళ్ళాక గచ్చుమీద మిషన్ కాళ్ళ గుర్తులు నాలుగు మిగిలాయి. అక్కడ ఇంకేమీ పెట్టబుద్ధి కాలేదు వాళ్ళకు.

అసలు సంగతి కొన్ని నెలల తర్వాత భార్యే కనిపెట్టింది. అలమర దులుపుతూ పత్రిక తెరిచి చదివి, అతని దగ్గరికి పట్టుకొచ్చింది.

"సహాయకులు ఎవరూ లేరని రాశారు."

"అంటే జీతానికి పెట్టుకున్నవాళ్ళనుకున్నాను."

"మీరు అనుకున్నది అచ్చులో లేదు కదండీ. రాసిందే ఉంది."

ఆ సాయంత్రమే అక్కకు ఫోన్ చేశాడు. బాగున్నావా అంటే బాగున్నానంది. తిన్నావా అంటే తిన్నానంది. చెప్పాలనుకున్న మాట రెండు అంతస్తుల మధ్య ఇరుక్కున్న లిఫ్టులా అక్కడే ఆగిపోయింది. ఇరుక్కున్న లిఫ్టును ఎలా దింపాలో అతనికంటే తెలిసినవాడు ఆ కంపెనీలోనే లేడు. ఈ ఒక్కదాన్ని మాత్రం దించలేకపోయాడు. ఆ తర్వాత ఏ ఫోన్ చేసినా అంతే. ఆమె మర్యాదగా మాట్లాడేది. మిడతా అనేది కాదు.

ఆదివారాలు మాత్రం ఆగలేదు. ఒక్కడే వెళ్ళాడు. ఎడంచేత్తో గుడ్డ పట్టుకుని కుడిచేత్తో కెమెరా పట్టుకుంటే రెండూ వణికాయి. గుడ్డను ఫ్లాష్ మూతికి రబ్బరుబ్యాండుతో బిగించి చూశాడు. వెలుతురు కాస్త తగ్గింది, మచ్చ మాత్రం అలాగే ఉంది. ట్రేసింగ్ కాగితం అతికించాడు. లిఫ్టు విడిభాగాలకు చుట్టి వచ్చే పల్చటి తెల్ల స్పాంజి షీటు కత్తిరించి పెట్టాడు. అట్టగొట్టం లోపల వెండికాగితం పరిచి మూతికి టిష్యూ అంటించాడు. టేబుల్ లైటు మెడ విరగ్గొట్టి దాన్ని చెయ్యిలా వాడుకున్నాడు. అక్క వాడిన గుడ్డ ఏదై ఉంటుందా అని మూడు కొట్లు తిరిగి తొమ్మిది రకాల తెల్లగుడ్డలు తెచ్చాడు. పనితనం పెరిగింది, కాదనలేం. చీమ కాలిమీది నూగు కూడా లెక్కపెట్టేలా తీశాడు. పనిచేసేచోట ఒకరిద్దరు తమ ఫోన్లలో ఆ ఫోటోలు పెట్టుకున్నారు. ఆ మెత్తదనం మాత్రం మళ్ళీ రాలేదు.

చక్కెర డబ్బా తీసుకెళ్ళిన ఆ ఆదివారం, చాలాకాలానికి అతనికి మళ్ళీ బంగారు పురుగు కనిపించింది. అదే తీగ, ఆకు మధ్యలో నింపాదిగా కూర్చుని ఉంది. అతను డబ్బాను ఫ్లాష్‌కు తగిలించి, ముందుకు వాలి, ఊపిరి బిగబట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఎంతసేపటికీ వేలు కదలలేదు. చివరికి నొక్కేసరికి పురుగు కాలు ఎత్తింది. తెరమీద చూసుకుంటే వీపుమీద పెద్ద తెల్లటి వలయం, దాని అంచు కత్తితో గీసినట్టు ఉంది. తలెత్తి చూసేసరికి పురుగు ఇత్తడి రంగుకు తిరిగి ఆకు కిందికి పోతోంది.

అతను తొందరగా ఇంటికి వచ్చేయడం చూసి భార్య పక్కన కూర్చుంది.

"ఆ గుడ్డ ఏదో వదిననే అడగొచ్చు కదా?"

"ఏమని అడగను?"

"గుడ్డ ఏదని. క్షమాపణ అడగడానికి నోరు రాదు సరే, గుడ్డ పేరు అడగడానికి కూడా రాదా?"

ఐదింటికి ఫోన్ చేశాడు. బాగున్నావా, బాగున్నా, తిన్నావా, తిన్నా అయ్యాయి. తర్వాత అడిగేశాడు.

"అక్కా, అప్పట్లో నువ్వు పట్టుకునే గుడ్డ ఏ గుడ్డ? నేను తొమ్మిది రకాలు చూశాను. ఏదీ కుదరడం లేదు."

"ఏ గుడ్డైనా ఒకటేరా. చేతికి దొరికింది తెచ్చేదాన్ని."

"మరి వెలుతురు అలా ఎలా వచ్చేది?"

"రెండు పొరలు కదా. ఫ్లాష్ మూతికి ఒక టోపీ కుట్టి తొడిగాను. రెండోది చేతుల్లో పట్టుకునేదాన్ని. రెంటికీ మధ్య జానెడు ఖాళీ ఉండాలి. మొదటి పొర దాటాక వెలుతురు విప్పుకోవడానికి కాస్త చోటు కావాలి కదరా. అప్పుడే రెండో గుడ్డంతా నిండుతుంది."

"ఆ టోపీ దుమ్ము పడకుండా కుట్టావనుకున్నానక్కా."

"దుమ్ముకైతే నల్లగుడ్డతో కుట్టనా? తెల్లది మాసిపోదూ?"

ఆ టోపీని అతను ఆమె వెళ్ళిన నెలలోనే తీసి ఎక్కడో పడేశాడు. ఆ మాట చెప్పలేదు. "ఇదంతా నీకెలా తెలుసు?"

"కర్టెన్లు కుట్టేదాన్ని, ఆ మాత్రం తెలియదా? లైనింగ్ గుడ్డను కర్టెన్‌కు అంటించి కుడితే ఎండ చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. విడిగా వేలాడదీస్తే గుడ్డ మొత్తం వెలుగుతుంది."

"అప్పుడు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా."

ఆమె గొంతులో దెప్పిపొడుపు లేదు. దారం ఏ రంగని అడిగితే చెప్పినట్టు చెప్పింది. అతనికి మాత్రం చెవులు వేడెక్కాయి. "అక్కా, ఆ పత్రికలో నేను..."

"పొయ్యిమీద పాలున్నాయి. పెట్టేస్తాను," అంది.

పది రోజులకు పార్సిల్ వచ్చింది. విప్పి చూస్తే పళ్ళెమంత తెల్లటి గొడుగులాంటిది. రెండు పొరల గుడ్డ, మధ్యలో జానెడు ఎడం ఉండేలా సన్నటి తీగ చట్రం. అంచులు ఎంత శ్రద్ధగా మడిచి కుట్టిందంటే ఒక్క పోగు బయటికి లేదు. కెమెరాకూ ఫ్లాష్‌కూ కట్టుకోవడానికి నాలుగు నాడాలు. ఉత్తరం లేదు. ఒక పక్కన మార్కింగ్ సుద్దతో బాణం గుర్తు గీసి, 'ఇది పైకి' అని రాసి ఉంది. అక్క చేతిరాత చూసి మూడేళ్ళయింది. అతను ఆ రెండు మాటలనూ నాలుగుసార్లు చదువుకున్నాడు. సుద్ద రాలిపోకుండా అక్కడ చెయ్యి పెట్టకూడదనుకున్నాడు.

ఆదివారం అది కట్టుకుని వెళ్ళాడు. బంగారు పురుగు లేదు గానీ, నల్లటి నిగనిగలాడే పెంకు పురుగొకటి దొరికింది. అలాంటివాటి మీదే వెలుతురు అసలు గుట్టు బయటపడుతుంది. నొక్కాడు. మబ్బు పట్టిన ఆకాశం మొత్తం దాని వీపుమీద వాలినట్టు వచ్చింది. మచ్చ లేదు, అంచు లేదు. మూడేళ్ళుగా వెతుకుతున్నది చేతికి దొరికింది. మోకాళ్ళమీద కూర్చునే కాసేపు తనలో తాను నవ్వుకున్నాడు. తర్వాత పక్కకు చూశాడు. గడ్డి నిటారుగా ఉంది. అక్క కూర్చునేచోట ఎప్పుడూ నలిగి ఉండేది.

నాలుగు నాడాలూ గట్టిగా కట్టి ఉన్నాయి. ఇక ఎవరూ పట్టుకోనక్కర్లేదు. ఆ సంగతి తెలిసేసరికి అతనికి సంచి సర్దుకుని లేవాలనిపించింది.

ఇంటికొచ్చి బట్టలు కూడా మార్చుకోకుండా ఫోన్ చేశాడు.

"అక్కా, నువ్వు పంపింది సరిగ్గా కుదరలేదు."

"ఏమైంది?"

"ఏమో. మచ్చ వస్తోంది. నువ్వొకసారి వచ్చి చూస్తే తెలుస్తుంది."

"ఫోటో పంపు."

అతను ఇరకాటంలో పడ్డాడు. అటూ ఇటూ చూసి, చక్కెర డబ్బాతో తీసిన బంగారు పురుగు ఫోటో పంపాడు. పక్కనుంచి భార్య తొంగి చూసి నుదురు కొట్టుకుంది. రెండు నిమిషాల్లో అక్కే ఫోన్ చేసింది.

"ఇది నేను కుట్టినదాంతో తీసింది కాదు."

"అదేలే అక్కా, దాంతోనే..."

"పురుగు వీపుమీద డబ్బా కనిపిస్తోందిరా. మూత తిప్పి బిగించే మరలు కూడా లెక్కపెట్టొచ్చు. చక్కెర ఎక్కడ పోశావు?"

భార్య కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరుగెత్తింది. అవతలనుంచి అక్క నవ్వు వినిపించింది. మొదట చిన్నగా, తర్వాత ఆపుకోలేక. నవ్వు తగ్గాక గొంతు మారింది.

"మిడతా. నీకేం కావాలిరా?"

ఆ పేరు విని అతను గోడకు ఆనుకున్నాడు. "నువ్వు రా అక్కా."

"నాకు తీరదు. ఆసుపత్రివాళ్ళ కర్టెన్లు మూడొందలున్నాయి." కొంచెం ఆగి, "నువ్వే రా. కెమెరా తెచ్చుకో," అంది.

బస్సులో నాలుగు గంటల ప్రయాణం. కార్ఖానా మేడమీద ఒకే గది, గది బయట డాబా. డాబా మూల నీళ్ళ ట్యాంకు కారి కారి దానికింద చేరిన మట్టిలో కలుపుమొక్కలు మోకాలెత్తు పెరిగాయి. అక్కకు కళ్ళద్దాలు వచ్చాయి. జుట్టు ముందువైపంతా తెల్లబడింది. కత్తెర పట్టే వేలిమీద కాయ ఇంకా గట్టిపడింది. అతనికి అన్నం పెట్టి, తిన్నంతసేపూ మరదలి గురించీ, ఆమె మోకాళ్ళ నొప్పుల గురించీ అడిగింది. అతను చెయ్యి కడుక్కుని వచ్చి నిలబడే అన్నాడు. కూర్చుంటే మళ్ళీ మాట ఇరుక్కుపోతుందని భయం.

"అక్కా, ఆ ఫారంలో సహాయకులు ఎవరూ లేరని రాశాను."

"రాశావు."

"జీతం ఇచ్చేవాళ్ళ గురించి అడుగుతున్నారనుకున్నాను."

"నువ్వు కావాలని రాసి ఉండవని నాకూ తెలుసురా. నువ్వు అంత తెలివైనవాడివి కాదు." ఆమె కంచం తీసి పక్కన పెట్టింది. "పేరు కోసం నేను ఏడవలేదు. పేరు వేసుకుని ఏం చేసుకుంటాను. మూడేళ్ళు ఆదివారం ఆదివారం మనిద్దరం వెళ్తున్నామనుకున్నాను. అది చదివాక, నువ్వు ఒక్కడివే వెళ్ళేవాడివి కాబోలు, నేనే వెంటపడ్డానేమో అనిపించింది. ఆ తర్వాత గుడ్డ పట్టుకుని నీ పక్కన కూర్చోవాలంటే ఎలాగో అనిపించింది. అంతే."

అతను ఒంటరిగా వెళ్ళిన మూడేళ్ళ గురించి చెప్పాలనుకున్నాడు. నలగని గడ్డి గురించి, నొక్కలేని వేలి గురించి. చివరికి, "నువ్వు చెప్పకపోతే ఎప్పుడు నొక్కాలో తెలియడం లేదక్కా," అన్నాడు.

ఆమె కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. తుడవాల్సినదానికంటే ఎక్కువసేపే తుడిచింది. "పద, ఎండ పోతుంది," అంది.

ట్యాంకు దగ్గర మొక్కల్లో చిన్న ఆకుపచ్చ సాలీడు ఒకటి ఉంది. అతను కెమెరా బయటికి తీసి తెర కట్టబోతుంటే, ఆమె చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వు. ఒకసారి చూస్తాను."

ఆరేళ్ళలో కెమెరా ఎప్పుడూ ఆమె చేతికి ఇవ్వలేదన్న సంగతి అతనికి అప్పుడు తట్టింది. ఆమె ఎన్నడూ అడగలేదు, అతనికి ఇవ్వాలని తోచలేదు. మెడలో పట్టీ వేసి, ఫ్లాష్ ఎక్కడ తగ్గించాలో, ఎంత దగ్గరికి వెళ్తే స్పష్టంగా కనిపిస్తుందో చూపించాడు. నాడాలు కట్టలేదు. తెరను తనే రెండు చేతులతో పట్టుకుని ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. పది నిమిషాలకే భుజాలు మండాయి. పదిహేను నిమిషాలకు వేళ్ళు తిమ్మిరెక్కాయి.

"పైకి పట్టు. మరీ అంత పైకి కాదు. వణక్కు."

"ఊపిరి బిగబట్టక్కా, అప్పుడే..."

"నాకు చెప్పకు."

అతను నోరు మూసుకున్నాడు. చేతులు కదలకూడదు, మాట్లాడకూడదు. చేసేదేమీ లేక సాలీడును చూస్తూ కూర్చున్నాడు. కెమెరా కంతలోంచి చూసినప్పుడు అది కళ్ళూ కాళ్ళూ వెంట్రుకలూ. ఇలా చూస్తే అదొక చిన్న ప్రాణి. ముందుకాళ్ళతో ముఖం తుడుచుకుంటోంది, ఆగి ఆలోచిస్తోంది, ఆకు చివర దాకా వెళ్ళి మనసు మార్చుకుని వెనక్కి వస్తోంది. మూడేళ్ళపాటు అక్క చూసింది ఇదన్నమాట.

ఆమె నలభై ఫోటోలు తీసింది. నలభైలోనూ మసక తప్ప సాలీడు లేదు. ఒక్కొక్కటే తిప్పి చూసుకుని పెదవి విరిచి, కాసేపు కెమెరాను ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. అతను బస్సుకు బయలుదేరబోతుంటే అంది.

"దీన్ని ఇక్కడే ఉంచి వెళ్ళరా. ఒక నెల."

తెరను కూడా ఉంచుతానన్నాడు. "అది నీకు కుట్టింది. నీ దగ్గరే ఉండనీ," అంది.

ఇంటికి చేరాక సంచి తేలిగ్గా ఉందేమని భార్య అడిగింది. చెప్పాడు. ఆమె అన్నం వడ్డించింది. తర్వాతి ఆదివారం మూడు దాటాక అతను వట్టి చేతులతో ఖాళీ జాగాకు వెళ్ళి ఒక గంట కూర్చుని వచ్చాడు. ఆ పై ఆదివారమూ అంతే. ఫోన్ మోగినప్పుడల్లా అక్క ఫోటో పంపిందేమోనని చూసేవాడు. మూడు వారాలు ఏమీ రాలేదు. నెల దాటింది. కెమెరా తిరిగి ఇస్తాననే మాట ఆమె ఎత్తలేదు, అతనూ అడగలేదు. అడిగితే ఎక్కడ ఇచ్చేస్తుందోనని.

రెండో నెలలో ఒక మధ్యాహ్నం, పదకొండో అంతస్తులో లిఫ్టు మోటారు విప్పి కూర్చుని ఉండగా ఫోటో వచ్చింది. చేతుల గ్రీజు తుడుచుకుని తెరిచాడు. ట్యాంకు మీది నీటిచుక్క పక్కన నిలబడి నీళ్ళు తాగుతున్న చీమ. చీమ పొట్టమీద వెలుతురు పాలమీగడలా ఉంది. అతను తీసినవాటిలో కూడా అంత మంచిది లేదు. వెంటనే ఫోన్ చేశాడు.

"అక్కా, ఎవరు పట్టుకున్నారు నీకు?"

"ఎవరూ లేరు. నాకూ ఒకటి కుట్టుకున్నానుగా. నాలుగు నాడాలతో."

"చాలా బాగుందక్కా."

"నాకూ బాగానే అనిపించింది. చాలాసేపు పట్టిందిలే." ఆమె గొంతు పొంగిపోతోంది. అలాంటి గొంతు అతను ఎప్పుడూ వినలేదు. ఎన్ని ఫోటోలు చెడగొట్టిందో, చీమ ఎలా సతాయించిందో అరగంట చెప్పింది. అతను మోటారు పక్కనే కూర్చుని అన్నీ విన్నాడు. సంతోషంగా ఉంది. ఆ సంతోషంలోనే ఒక మూల బోలుగా ఉంది. ఫోన్ పెట్టేశాక కూడా కొంతసేపు అతనికి మరలు బిగించబుద్ధి కాలేదు.

తర్వాత అతను తనకోసం ఇంకో పాత కెమెరా వెతికి కొనుక్కున్నాడు. నెలలో మూడు ఆదివారాలు ఇక్కడ ఒక్కడే, గోడ అవతల. మొదటి ఆదివారం మాత్రం పొద్దున్నే బస్సెక్కి అక్క దగ్గరికి పోతాడు. భార్య కట్టిచ్చిన డబ్బాలు అక్కకు ఇచ్చి, తిని, ఇద్దరూ డాబా మూలకు వెళ్తారు. అక్క తన తెర కట్టుకుని తన పనిలో మునిగిపోతుంది. అటువైపు వెళ్ళకంటుంది, నీడ పడుతోందంటుంది. అతను తన కెమెరా సంచిలోంచి తీయడు. కొన్ని నెలల్లో ఆమె తలెత్తకుండానే సాయంత్రం అయిపోతుంది, అతను బస్సుకు లేస్తాడు. కొన్నిసార్లు మాత్రం ఉన్నట్టుండి నాడాలు విప్పేసి, తెరను అతని వైపు చాపుతుంది.

"ఇది కాసేపు పట్టుకోరా. నాడాలతో అనుకున్నట్టు రావడం లేదు."

ఎప్పుడంటుందో తెలియదు. అందుకని అతను అన్నం తినగానే చేతులు శుభ్రంగా కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, ట్యాంకు పక్కన కూర్చుని ఉంటాడు.